పూతకు ముందే ఆనవాలు

చెన్నై కోయంబేడు మార్కెట్లో బొప్పాయి కుప్పల మధ్య నడుస్తూ కాయ ఆకారం చూస్తే చాలు, అది ఎలాంటి చెట్టున కాసిందో చెప్పేయొచ్చు. పొడుగ్గా, కండ దట్టంగా, లోపల గింజల గది ఇరుగ్గా ఉంటే అది ద్విలింగ చెట్టు కాయ. అంటే ఒకే పువ్వులో కేసరాలూ అండాశయమూ రెండూ ఉన్న చెట్టు. గుండ్రంగా, లోపలి గది వెడల్పుగా ఉంటే ఆడచెట్టు కాయ. మగచెట్టు కాయ మార్కెట్టుకు రాదు. వేలాడే పూగుత్తుల చివర ఎప్పుడైనా ఒకటీ అరా కాసినా దాన్ని ఎవరూ లారీ ఎక్కించరు.

కాయలో ఇంత స్పష్టంగా కనబడే తేడా నారులో ఆవగింజంతైనా కనబడదు. గింజ, మొలక, జానెడు మొక్క, మోకాలెత్తు మొక్క అన్నీ ఒకేలా ఉంటాయి. నాటిన నాలుగైదు నెలలకు పూత వచ్చాకే ఏది ఏదో బయటపడుతుంది. అందుకే మన రైతులు తరతరాలుగా ఒక లెక్క పాటిస్తున్నారు. ఆడ, మగ విడివిడిగా ఉండే రకాల్లో గుంతకు ఒక్క మొక్కే పెడితే సగం గుంతలు మగచెట్ల పాలవుతాయి. రెండు పెడితే నాలుగో వంతు గుంతల్లో రెండూ మగవే తేలతాయి. మూడు పెడితే ఆ నష్టం ఎనిమిదో వంతుకు దిగుతుంది. కాబట్టి గుంతకు మూడు. పూత కనబడగానే మగవాటిని నరికేసి, పుప్పొడి కోసం పది ఇరవై ఆడచెట్లకు ఒక మగచెట్టును వదిలిపెడతారు.

లెక్క బాగానే ఉంది. కానీ ఆ నాలుగైదు నెలలూ ఒకే గుంతలో మూడు మొక్కలు ఒకే నీటిని, ఒకే ఎరువును పంచుకుంటాయి. వెలుతురు కోసం పోటీపడి సన్నగా సాగుతాయి. ఒకదాన్ని తీసేటప్పుడు పక్కదాని వేళ్లు కదులుతాయి. వేసవిలో బోరు నీటితో పంట నిలబెట్టుకునే అనంతపురం, కడప రైతుకు నరికివేయబోయే మొక్కకు పోసిన ప్రతి బిందె నీళ్లూ నష్టమే. విత్తనం ఖరీదైన తైవాను హైబ్రిడ్ అయితే ఆ నష్టం నాటిన రోజే మొదలవుతుంది. నారుమడిలోనే, మొక్కను పీకకుండా, దాని పెరుగుదల చెడకుండా, ఇది ఆడ, ఇది మగ అని చెప్పగలిగితే ఎంత బాగుండును! ఈ కోరిక చాలా పాతది. అది తీరిన కథ మాత్రం కొత్తదే. ఆ కథలో పూణె ఉంది, హవాయి ఉంది, ఒకినావా ఉంది, మన పొరుగున కాసరగోడ్ కూడా ఉంది.

ముందు పాత సంగతి. డచ్చివాడైన యాన్ హ్యూగెన్ వాన్ లిన్‌స్చోటెన్ 1580లలో గోవాలో ఆర్చిబిషప్ దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. 1596లో అచ్చయిన తన పుస్తకంలో బొప్పాయి గురించి రాశాడు. అది స్పెయిన్ వాళ్ల అమెరికా నుంచి ఫిలిప్పీన్స్ దాటి మలక్కాకు, అక్కడి నుంచి ఇండియాకు వచ్చిందన్నాడు. ఆడా మగా జంటగా ఉంటేనే కాస్తుందని కూడా చెప్పాడు. ఈ రెండో మాట ఎంత విలువైనదో కాలం చూస్తే తెలుస్తుంది. మొక్కల్లోనూ ఆడా మగా ఉంటాయని ట్యూబింగెన్‌లో రుడాల్ఫ్ కమెరారియస్ ప్రయోగాలతో నిరూపించి ప్రకటించింది 1694లో. ఆడమొక్కను మగమొక్కకు దూరంగా పెడితే మొలకెత్తే గింజ రాదని ఆయన చూపించాడు. యూరప్ శాస్త్రజ్ఞులు ఒప్పుకోవడానికి దాదాపు వందేళ్ల ముందే గోవా తోటల్లో అది మామూలు జ్ఞానం. అంతకు వేల ఏళ్ల ముందు మెసొపొటేమియా రైతులు మగ ఖర్జూరపు పూగెలలు కోసి ఆడచెట్ల మీద దులిపేవాళ్లు. పూసిన చెట్టును పోల్చుకోవడం మనిషికి ఎప్పుడో వచ్చు. పూయని చెట్టు దగ్గరే చిక్కు.

ఆ చిక్కు విప్పడానికి రకరకాల ఆనవాళ్లు వాడారు. గింజ రంగు, వేరు చీలిక, ఆకు తొడిమ రంగు. నర్సరీల్లో ఇప్పటికీ ఇవి చెప్పేవాళ్లు ఉన్నారు. వేరు చూడాలంటే మొక్కను పీకాలి. పీకిన మొక్క మళ్లీ నాటితే నిలబడుతుందన్న నమ్మకం లేదు. పైగా ఈ ఆనవాళ్లేవీ లెక్కపెట్టి చూసినప్పుడు సగానికి సగం అనే అంచనాను గట్టిగా దాటలేకపోయాయి.

అసలు సంగతి 1938లో తేలింది. హవాయిలో స్టోరీ, దక్షిణాఫ్రికాలో హాఫ్‌మేయర్ ఒకరికొకరు సంబంధం లేకుండా వేర్వేరు జతలు కలిపి, పుట్టిన మొక్కలను పూసేదాకా పెంచి లెక్కపెట్టారు. ఇద్దరూ ఒకే సమాధానానికి వచ్చారు. బొప్పాయి లింగాన్ని ఒకే చోట ఉన్న ఒకే జన్యు అంశం నడిపిస్తుంది, దానికి మూడు రూపాలు. ఒక రూపం జంటగా ఉంటే ఆడ. దానితో రెండో రూపం కలిస్తే మగ. మూడో రూపం కలిస్తే ద్విలింగం. మగ రూపమే రెండు వచ్చినా, ద్విలింగ రూపమే రెండు వచ్చినా, ఆ రెండూ కలిసి వచ్చినా ఆ పిండం బతకదు. ఈ చివరి ముక్క వల్లే ద్విలింగ చెట్టును దానితో దానికే కలిపితే మూడింట రెండు ద్విలింగం, ఒకటి ఆడ వస్తాయి. మగచెట్టు అసలు రాదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన కో-3, కో-7 రకాలు, పూసా వాళ్ల డెలిషియస్, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల సూర్య ఈ బాపతే. వీటిలో రైతు వద్దనుకునేది మగచెట్టును కాదు, ఆడచెట్టును. మార్కెట్టు పొడుగు కాయ అడుగుతుంది కాబట్టి. హవాయిలో సోలో రకం పెంచేవాళ్లు కూడా గుంతకు మూడు నాలుగు మొక్కలు పెట్టి, పూత చూసి ఆడవాటిని పీకేస్తారు. ఎవరు ఏది పీకినా ఎదురుచూపు మాత్రం ఒకటే.

అంశం ఒకటేనని తెలిసింది కానీ దాన్ని కంటితో చూసే దారి లేదు. బొప్పాయి కణంలో 18 క్రోమోజోములు, తొమ్మిది జతలు. మనిషిలో ఎక్స్ పక్కన వై పొట్టిగా కనబడినట్టు ఇక్కడ ఏ జతా తేడాగా కనబడలేదు. సూక్ష్మదర్శిని చేతులెత్తేసింది.

అప్పుడు మన దేశంలో కొందరు రసాయనశాస్త్రం వైపు తిరిగారు. 1960లు, 70లలో ఉత్తరాది ప్రయోగశాలల్లో మొలక ఆకును నూరి, రసంలో రంగులు మార్చే పదార్థాలు కలిపి, ఆడ మగ తేడా పట్టాలని చూశారు. 1976లో జిందాల్, సింగ్ బొప్పాయి మొలకల్లో ఫినాల్ పదార్థాల ఆధారంగా లింగం చెప్పే పద్ధతి ప్రచురించారు. ఈ ప్రయత్నాల మీద నాకు గౌరవం ఉంది. ఖరీదైన పరికరం లేకుండా, రైతుకు అందే సాధనంతో, సరైన ప్రశ్న వేశారు. కానీ ఫినాళ్లు మొక్క లింగాన్ని బట్టే కాదు, నీటి ఎద్దడిని, వయసును, ఎండను, పురుగు కాటును బట్టీ మారతాయి. ఒక నారుమడిలో పనిచేసిన రంగు గుర్తు పక్క ఊరి నారుమడిలో తప్పుతుంది. అదీకాక పరీక్షకు చాలినంత ఆకు కోస్తే రెండాకుల మొలకకు మిగిలేదేముంటుంది? లింగం వల్ల కలిగే ఫలితాన్ని కాక, లింగానికి మూలాన్నే చదవాలి. చిటికెడు ఆకుతో చదవాలి.

ఆ వీలు పీసీఆర్ వచ్చాక దొరికింది. 1983లో కారీ మల్లిస్ కనిపెట్టిన ఈ పద్ధతి డీఎన్ఏలో మనకు కావలసిన ముక్కను కోట్ల నకళ్లుగా పెంచుతుంది. కాబట్టి కాగితానికి చిల్లు పెట్టే పంచ్‌తో తీసినంత ఆకు సరిపోతుంది. మొక్కకు ఆ నష్టం మిడత కొరికినంత కూడా ఉండదు. అయితే ఏ ముక్కను పెంచాలి? బొప్పాయి డీఎన్ఏ పటం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. 1990లో రెండు బృందాలు విడివిడిగా ఒక ఉపాయం చూపించాయి. యాదృచ్ఛికంగా ఎంచిన పది అక్షరాల పొట్టి డీఎన్ఏ ముక్కలను పీసీఆర్‌లో వేస్తే అవి జన్యు పదార్థంలో ఎక్కడెక్కడ అతికితే అక్కడి ముక్కలు పెరుగుతాయి. ఇది చీకట్లో రాళ్లు విసిరి ఎక్కడ చప్పుడవుతుందో వినడం లాంటిది. వందల రాళ్లు విసిరితే మగచెట్టు దగ్గర మాత్రమే చప్పుడయ్యే ఒక రాయి దొరకొచ్చు.

హవాయిలో సొండూర్, మాన్షార్ట్, స్టైల్స్ 1996లో ఈ రాళ్లతోనే బొప్పాయికి తొలి డీఎన్ఏ పటం గీసి, లింగ అంశం ఏ గుర్తుల నడుమ ఉందో చూపించారు. పూణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఇంకో దారి పట్టింది. పరస్నిస్, విద్యా గుప్తా, ప్రభాకర్ రంజేకర్, వాళ్ల సహచరులు జీ-ఏ-టీ-ఏ అనే నాలుగు అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే చోట్లను వెతికారు. ఆ పునరావృతాల అమరిక ఆడచెట్టులో ఒకలా, మగచెట్టులో ఒకలా ఉందని 1999లో ప్రకటించారు. మరుసటి ఏడు మగచెట్టుకే ప్రత్యేకమైన డీఎన్ఏ ముక్క ఆధారంగా, పెద్ద సంఖ్యలో నారు మొక్కలను పరీక్షించే పీసీఆర్ పద్ధతిని ప్రచురించారు. ఆకు రసం పరీక్షల కాలం నుంచి మన దేశంలో సాగిన అన్వేషణ ఒక గట్టు ఎక్కింది అక్కడే. నేను చూసినంతలో ఈ ఘనత తెలుగు పత్రికల్లో సరిగ్గా రాలేదు. అందుకే ఇక్కడ పేర్లతో సహా చెబుతున్నాను.

2002లో రెండు బృందాలు దాన్ని ఇంకా గట్టిపరిచాయి. ఒకినావాలో ఉరాసాకి బృందం మగ, ద్విలింగ చెట్లలో ఉండి ఆడచెట్లలో లేని ఒక గుర్తును బయటపెట్టింది. హవాయిలో డెప్యుటీ, మింగ్, వాళ్ల తోటివాళ్లు టీ12, డబ్ల్యూ11 అనే రెండు గుర్తులతోపాటు టీ1 అనే మూడోదాన్నీ ఇచ్చారు. ఈ మూడోది ఆడ, మగ, ద్విలింగం అన్నిటిలోనూ కనబడుతుంది. అన్నిటిలోనూ కనబడేదాని వల్ల ప్రయోజనమేమిటి అనిపించొచ్చు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా తెలివైన అడుగు అదే.

ఎందుకంటే టీ1 లేకపోతే ఈ పరీక్షలో ఆడమొక్క అంటే ఏ గీతా రాని మొక్క. పీసీఆర్ అయ్యాక డీఎన్ఏ ముక్కలను జెల్ మీద పరిగెత్తించి చూస్తే, మగదైతే గీత కనబడుతుంది, ఆడదైతే ఖాళీ. కానీ ఆకు నుంచి డీఎన్ఏ సరిగా రాకపోయినా ఖాళీయే. రసాయనం పాడైనా ఖాళీయే. సీసా మూత సరిగా పడకపోయినా ఖాళీయే. అంటే పరీక్ష విఫలమైన ప్రతి మొక్కా ఆడమొక్కగా రాసేసుకునే ప్రమాదం ఉంది. అలా రాసుకున్న మగమొక్క ఒంటరిగా గుంతలో నాటబడితే ఆ గుంత ఏడాది పొడుగునా వట్టిదే. ప్రతి మొక్కలోనూ తప్పక రావలసిన టీ1 గీత కూడా అదే సీసాలో వస్తేనే పరీక్ష జరిగినట్టు. అది రాకపోతే మళ్లీ చెయ్యాలి. లేనిదాన్ని ఆధారంగా తీసుకోవలసి వచ్చినప్పుడు, వెతికామన్న సాక్ష్యం కూడా చేతిలో ఉండాలి. రైతు నమ్మకం మొత్తం ఆ రెండో గీత మీదే నిలుస్తుంది.

తరవాతి పదిపదిహేనేళ్లలో శాస్త్రం ఇంకా లోతుకు వెళ్లింది. 2004లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన బొప్పాయికి నిజంగానే వై క్రోమోజోము ఉందని, అయితే అది ఇప్పుడిప్పుడే వేరుపడుతున్న దశలో ఉందని చూపించింది. తేడా పడ్డ భాగం ఆ క్రోమోజోములో పదో వంతు మాత్రమే. పాతకాలపు సూక్ష్మదర్శినికి ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది. 2008లో బొప్పాయి జన్యుక్రమం ముసాయిదా వెలువడింది. 2012లో ఆ లింగ భాగాన్ని అక్షరం అక్షరం చదివి, ఎక్స్ నుంచి అది విడిపోవడం మొదలై సుమారు 70 లక్షల ఏళ్లయిందని అంచనా వేశారు. 2015లో ఇంకో విశేషం. ద్విలింగ చెట్టు వై, మగచెట్టు వై నుంచి విడిపోయింది కేవలం నాలుగు వేల ఏళ్ల కిందట. అంటే మధ్య అమెరికాలో మనిషి వ్యవసాయం చేస్తున్న కాలంలో. ఎవరో రైతులు కాయగాసే వింత మగచెట్టును చూసి దాని గింజ దాచుకున్నారు. కోయంబేడులో మనం కొనే పొడుగు కాయ ఆ ఎంపిక ఫలితమే. అడవి బొప్పాయిలో ద్విలింగం లేదు.

ఇదే కారణంగా మగ, ద్విలింగ వై క్రోమోజోములు దాదాపు ఒకటే. ఆడను మిగతా రెంటి నుంచి వేరుచేసినంత తేలిగ్గా మగను ద్విలింగం నుంచి వేరుచేయలేం. ఈ మధ్య యంత్రం లేకుండా, ఒకే వేడి దగ్గర ఉంచి రంగు మార్పుతో ఫలితం చూపే ల్యాంప్ పద్ధతి బొప్పాయికీ వచ్చింది. నర్సరీ షెడ్డులోనే చేయదగ్గది అది. అయినా మన జిల్లాల్లో చాలామంది రైతులు ఇంకా గుంతకు మూడు మొక్కలే పెడుతున్నారు. దానికి వాళ్లను తప్పుపట్టలేం. మొక్కకొక పరీక్ష ఖర్చు, రెండు అదనపు మొక్కల ఖర్చు కన్నా తగ్గినప్పుడే ఆ పరీక్ష పొలానికి వస్తుంది. బొప్పాయి విషయంలో ఎదురుచూపు కొన్ని నెలలే కాబట్టి రైతు ఓపిక పట్టగలడు.

ఓపిక పట్టలేని చెట్టు ఒకటి చెన్నై పొలిమేర దాటగానే కనబడుతుంది. గుమ్మిడిపూండి నుంచి సూళ్లూరుపేట మీదుగా నెల్లూరు దాకా రైలు కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా తాళ్లే. తాటిచెట్టు తమిళనాడు రాష్ట్ర వృక్షం. దేశంలోని తాళ్లలో సగానికి పైగా ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయని లెక్క. ఈ చెట్టు పూయడానికి పన్నెండు పదిహేనేళ్లు, నేల బాగాలేకపోతే ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. అప్పటిదాకా అది పోతుతాడో పెంటితాడో చెప్పేవాడు లేడు. పూశాక మాత్రం గీత కార్మికుడు కింద నిలబడి తలెత్తి చూసి చెప్పేస్తాడు. 1776లో మద్రాసుకు వైద్యుడిగా వచ్చి, తరవాత సామర్లకోటలో ఉంటూ కోస్తా మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795 నుంచి లండన్‌లో వెలువడిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో తాటికి రెండు పటాలు కేటాయించాడు. ఆ గ్రంథంలోని బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులే. వాళ్లు గీసిందీ పూసిన చెట్టునే. రెండు వందల ఏళ్లకు పైగా గడిచినా తాటి మొలక విషయంలో మనం రాక్స్‌బర్గ్ కన్నా ఎంతో ముందుకు పోలేదు.

తాటి దగ్గర తప్పించుకునే దారులు కూడా లేవు. ఖర్జూరానికి మొదట్లో పిలకలు వస్తాయి. ఆడచెట్టు పిలక ఆడచెట్టే. అనంతపురంలో వేస్తున్న ఖర్జూరం టిష్యూకల్చర్ మొక్కలైతే లింగం ముందే తెలిసినవి. జాజికాయకు అంటు కడతారు. తాటికి పిలక లేదు, అంటు లేదు. టెంక ఒక్కటే దారి. టెంక పాతితే తేగ నేలలోకి దిగుతుంది, మొక్క పెరిగే మొన ఆ తేగతోపాటే భూమి లోపలికి పోతుంది. ఎన్నో నెలల తరవాత ఒక్క ఆకు పైకి వస్తుంది. పీకి చూద్దామంటే మొక్క పోయినట్టే. తేగను పరీక్షిద్దామంటే అది కాల్చుకు తిన్నట్టే. మొక్క బతికుండగానే లింగం తెలుసుకోవడం అనే మాటకు పూర్తి అర్థం ఈ చెట్టు దగ్గరే తెలుస్తుంది.

2021 ఆగస్టులో చెన్నైలో తమిళనాడు ప్రభుత్వం తన తొలి ప్రత్యేక వ్యవసాయ బడ్జెట్టు ప్రవేశపెట్టింది. అందులో తాటి అభివృద్ధి పథకం ప్రకటించి, 30 జిల్లాల్లో 76 లక్షల టెంకలు, లక్ష మొక్కలు పంచుతామంది. కలెక్టరు అనుమతి లేకుండా తాడిచెట్టు కొట్టకూడదంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంలో కూడా గీత కార్మికుల కోసం తాటి, ఈత మొక్కలు నాటారు. ఈతలోనూ ఆడ మగ వేరే. ఇవన్నీ చాలా మంచి పనులు. కొట్టుడే కానీ నాటుడు లేని చెట్టుకు ఇన్నాళ్లకు ఆదరణ దొరికింది. కానీ ఆ 76 లక్షల టెంకల్లో మొలిచేవి ఎన్నయినా, వాటిలో రమారమి సగం మగవి. ఏవి మగవో తెలిసేది 2035 ప్రాంతంలో.

మగచెట్టు పనికిమాలిందని నేననడం లేదు. పోతుతాటి కల్లుకు మన ఊళ్లలో ఉన్న పేరు అందరికీ తెలుసు. నీరా, బెల్లం రెండు చెట్లూ ఇస్తాయి. మగచెట్టు పుప్పొడి లేకపోతే ముంజ కాయదు. కానీ ముంజలు, తాటిపండు, టెంకలు, తేగలు ఇచ్చేది పెంటితాడు ఒక్కటే. ఏ గట్టు మీద ఏది కావాలో ఎంచుకునే వీలు పేదవాడి చేతిలో ఉండాలని నా వాదన. ముంజల మీద బతికే కుటుంబం ఇరవై మొక్కలు నాటి పదిహేనేళ్ల తరవాత పన్నెండు మగవని తెలుసుకుంటే, ఆ నష్టాన్ని దిద్దుకోవడానికి ఆ తరానికి వయసు మిగలదు.

దారి చూపినవాళ్లు ఉన్నారు. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జార్జ్, అనితా కరుణ్, మణిమేఖలై, రాజేశ్, రెమ్య 2007లో కరెంట్ సైన్స్ పత్రికలో తాటి లింగానికి సంబంధించిన డీఎన్ఏ గుర్తును ప్రకటించారు. బొప్పాయికి వాడిన ఆ పది అక్షరాల పొట్టి ముక్కలతోనే వెతికారు. మగ తాళ్లలో మాత్రమే కనబడే గీత ఒకటి దొరికింది. నేరుగా తాటి మీద అలా ప్రశ్న వేసి జవాబు పట్టుకురావడం పెద్ద పని. బొప్పాయి గుర్తును తెచ్చి తాటికి వాడుకుందామంటే కుదరదు. పూల మొక్కల్లో ఆరు శాతం దాకా జాతుల్లో ఆడ మగ వేరువేరు చెట్లు. ఆ విభజన ఒక్కసారి పుట్టి అందరికీ పాకింది కాదు, వందల సార్లు విడివిడిగా పుట్టింది. 2014లో జపాను శాస్త్రజ్ఞులు అమెరికా సహచరులతో కలిసి పెర్సిమన్ పండు చెట్టులో లింగాన్ని నిర్ణయించే జన్యువును పట్టుకున్నారు. దానికీ బొప్పాయి వై క్రోమోజోముకూ ఏ చుట్టరికమూ లేదు. ప్రతి చెట్టు తాళం చెవి దానికే.

అయితే తాటికి ఒక దగ్గరి చుట్టం ఉంది. ఖర్జూరం అదే కుటుంబం. 2011లో ఖతర్‌లో జోయెల్ మాలెక్ బృందం ఖర్జూరపు జన్యుక్రమాన్ని చదివి, అక్కడా ఎక్స్, వై పద్ధతే ఉందని, మగచెట్లకే ఉన్న తేడాలను పీసీఆర్‌తో పట్టొచ్చని చూపించింది. 2018లో ఆ దారిలోనే లింగంతో ముడిపడ్డ మూడు జన్యువులను గుర్తించారు. తాటిలో అవే జన్యువులు పనిచేస్తున్నాయో లేదో వెతికి చూడవలసిందే. కానీ వెతకడానికి ఒక మొదలు దొరికింది.

కాసరగోడ్ గుర్తు నర్సరీ దాకా రావాలంటే మధ్యలో దాటవలసిన మెట్లు ఉన్నాయి. యాదృచ్ఛికంగా అతికే పొట్టి ముక్కల పరీక్ష చంచలమైనది. వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా, డీఎన్ఏ శుభ్రత తగ్గినా గీతలు మారిపోతాయి. కాబట్టి దొరికిన గీతను కోసి చదివి, దానికి మాత్రమే అతికే పొడుగాటి ముక్కలు తయారుచేసుకోవాలి. బొప్పాయిలో పూణె, హవాయి వాళ్లు చేసింది అదే. టీ1 లాంటి సాక్షి గీత దీనికీ కావాలి. తాటి ఆకులో నార, ఫినాళ్లు ఎక్కువ. వాటి మధ్య నుంచి శుభ్రమైన డీఎన్ఏ తీయడం కష్టమే. ఒక సౌకర్యం మాత్రం ఉంది. తాటి మొక్క పెరిగే మొన భూమిలో భద్రంగా ఉంటుంది కాబట్టి, పైకి వచ్చిన ఆకు కొసను గోరంత కత్తిరిస్తే ప్రాణానికి భయం లేదు. పొడుగాటి సంచుల్లో పెంచిన మొక్కల మీద, పొలానికి పంపేముందే ఈ పని చేయొచ్చు.

ఆకును అసలు కత్తిరించకుండా, దాని మీద వెలుతురు వేసి, తిరిగి వచ్చే కిరణాలను కంప్యూటరుతో చదివి లింగం చెప్పాలని కూడా కొన్ని పంటల్లో ప్రయత్నిస్తున్నారు. వినడానికి ఎంతో బాగుంది. కానీ వెలుతురు చూసేది ఆకులోని రసాయనాన్ని, జన్యువును కాదు. 1970ల ఫినాల్ పరీక్షను దెబ్బతీసిన ఎండ, నీటి ఎద్దడి దీన్నీ వదలవు. పూసేదాకా పదిహేనేళ్లు ఆగి యంత్రం చెప్పింది ఒప్పో తప్పో సరిచూసే ఓపిక ఎవరికుంది? డీఎన్ఏ పరీక్ష ముందు గట్టిపడితే, అది తేల్చిన మొక్కల మీద వెలుతురు యంత్రానికి పాఠం నేర్పొచ్చు. క్రమం అటే ఉండాలి.

ఈ పనికి కావలసిన చోట్లు మనకు ఉన్నాయి. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం ఏళ్లుగా తాటి రకాలు సేకరిస్తోంది. తూత్తుకుడి జిల్లా కిళ్లికుళంలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు అదే పని చేస్తున్నారు. ఈ రెండు తోటల్లో కుదిరిన గుర్తు కృష్ణా డెల్టా తాళ్లకు, నల్గొండ తాళ్లకు, తిరువళ్లూరు తాళ్లకు కూడా కుదురుతుందా అని చూడాలి. ఒక ప్రాంతం చెట్లలో లింగంతో కలిసి నడిచే గుర్తు, వందల మైళ్ల అవతల విడిపోయి ఉండొచ్చు. దాన్ని సరిచూడటానికి పదిహేనేళ్లు ఆగనక్కర్లేదు. ఇప్పటికే పూస్తున్న చెట్లు కోట్లున్నాయి. ప్రతి జిల్లాలో వంద పోతుతాళ్లు, వంద పెంటితాళ్లు ఎంచి, చెట్టుకొక ఆకు ముక్క తెచ్చి, లింగం చెప్పకుండా ప్రయోగశాలకు ఇచ్చి, ఫలితం వచ్చాక పోల్చాలి. ఏ గట్టు మీద ఏ చెట్టు పోతుదో ఏది పెంటిదో జాబితా రాయడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు. రోజూ వాటిని ఎక్కే గీత కార్మికులను కూలి ఇచ్చి పిలిచి అడిగితే, ఆకు ముక్కలు కూడా వాళ్లే దించి ఇస్తారు.